చెవులు కుట్టని ఇల్లు

మా మేనమామ ఇంట్లో మగపిల్లలకు చెవులు కుట్టరు. నాందేడు జిల్లా భోకర్ దగ్గర మా అమ్మ పుట్టిన ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే ఇది. మిగతా ఇళ్ళలో ఏడాది నిండేలోపే ఔసలాయన్ని, అదే కంసాలిని, పిలిచి, పిల్లాణ్ణి మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి, నోట్లో బెల్లం ముక్క పెట్టి కుట్టించేస్తారు. మామ ఇంట్లో ఆ ముచ్చట ఆడపిల్లలకే. ఎందుకని అడిగితే "మా ఇంటి పేరుకు సరిపడది" అంటారు. ఇంటి పేరుకూ చెవులకూ సంబంధం ఏమిటని చిన్నప్పుడు నేను అడిగాను. అప్పటికే నాకు నోరెక్కువని పేరు. "బడికి తోలిస్తే గిట్లనే ఐతది" అని అమ్మమ్మ నన్ను పొయ్యి దగ్గర నుంచి తరిమేసింది.

ఆ బడి చదువుతోనే తర్వాత నేను బతుకు వెళ్ళదీసుకున్నాను. నాందేడులో ఒక మరాఠీ మీడియం బళ్ళో చాలా ఏళ్ళుగా సైన్సు చెబుతున్నాను. తల్లిదండ్రుల లక్షణాలు పిల్లలకు ఎలా వస్తాయో చెప్పే పాఠం ఏటా వస్తుంది. బోర్డు మీద తల్లికి రెండు ఎక్స్‌లు, తండ్రికి ఒక ఎక్స్, ఒక వై గీసి, బాణాలు వేసి, ఆడపిల్ల పుడితే తల్లిని తిట్టడం ఎంత తెలివితక్కువ పనో చెబుతాను. ఆ పాఠం రోజు నాకు కాస్త గర్వంగా కూడా ఉంటుంది. చెయ్యి కడుక్కుని ఇంటికొచ్చాక ఆ బాణాలు మా ఇంట్లోవాళ్ళ మీద గీసి చూడాలని ఒక్కనాడూ తోచలేదు.

మా వాడికి పదకొండో నెలలో చెవులు కుట్టించాం. మా అత్తగారి కుటుంబానికి నాందేడు బజారులో స్టీలు సామాన్ల దుకాణం ఉంది. ఇంట్లో తెలుగు, గల్లా దగ్గర మరాఠీ, సరుకు దించేవాళ్ళతో హిందీ. ఏడాదిలోపు చెవులు కుట్టించడం వాళ్ళ ఆనవాయితీ. నాకు అన్నదమ్ములు లేరు కాబట్టి, పిల్లాడికి మేనమామగా కూర్చోవడానికి మా అమ్మకు అన్న అయిన మామే కొత్తబట్టలు పట్టుకుని బస్సులో వచ్చాడు. సూది దిగేటప్పుడు ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. "ఏంది మామా, పిలగాని కంటె నువ్వే భయపడ్తున్నవ్" అని నేను ఎగతాళి చేశాను. అందరూ నవ్వారు.

రెండు రోజుల పాటు చెవి తమ్మెల నుంచి రక్తం ఊరుతూనే ఉంది. పసుపు పెట్టాం, టీపొడి అద్దాం. మా అత్తగారు ఔసలాయన సూదిని, చేతిని, ఆయన వెనకటి ఏడు తరాలను తిట్టింది. మామ ఊరికి పోకుండా ఆ రెండు రోజులూ మా ఇంట్లోనే ఉన్నాడు. చేలో పత్తి ఏరేవాళ్ళు ఎదురుచూస్తున్నారని ఫోన్లు వస్తున్నా కదల్లేదు. మూడో రోజు రక్తం ఆగాక సంచి సర్దుకున్నాడు. "మీ ఇంట్ల కుట్టరు గదా మామా, మాకేమన్న పట్టింపు ఉన్నదా?" అని అడిగాను.

"లేదు బిడ్డా. గది మా ఇంటి పేరుకే. నీది వేరే ఇంటి పేరు, నీ కొడుకుది ఇంకో ఇంటి పేరు."

మాట సబబుగానే తోచింది. నేనూ ఒప్పుకున్నాను.

ఆరేళ్ళు వచ్చేసరికి మా వాడి ఒంటి మీద ఎప్పుడూ ఏదో ఒక కమిలిన మచ్చ ఉండేది. బళ్ళో నాతో పనిచేసే ఒకావిడ, ఇంట్లో బాగా కొడతారా అని మెల్లగా అడిగింది కూడా. ఆ రోజు ఆమె మీద వచ్చిన కోపం నాకు ఇప్పటికీ పోలేదు. నిజానికి ఆమె ఒక్కతే పిల్లాణ్ణి సరిగ్గా చూసింది. తర్వాత మోకాలు వాయడం మొదలైంది. పడకపోయినా వాచేది. ఎముకల డాక్టరు దగ్గరికి పోయాం. కట్టు కట్టాడు, నొప్పి మాత్రలు ఇచ్చాడు. ఆ మాత్రల్లో కొన్ని రక్తాన్ని ఇంకా పలచన చేస్తాయని మాకేం తెలుసు! మూడోసారి వాచినప్పుడు లోపల తెరిచి చూడాలని, ఆపరేషన్‌కి ముందు రక్తపరీక్షలు చేయించుకు రమ్మని రాసిచ్చాడు.

ఆ పరీక్షల చీటీ మా వాణ్ణి కాపాడింది. లేబరేటరీలో రక్తం తీసిన ఆవిడకు యాభై దాటి ఉంటాయి, కళ్ళద్దాలు తాడుతో మెడలో వేలాడుతున్నాయి. మర్నాడు రిపోర్టు కోసం వెళితే ఆమె కాగితం ఇవ్వకుండా ముందు పిల్లాడి చొక్కా చెయ్యి పైకి మడిచింది. సూది గుచ్చిన చోటు నుంచి మోచేతి దాకా నల్లగా కమిలిపోయి ఉంది. "తాయీ, హే హాడాచం నాహీ, రక్తాచం ఆహే" అంది. ఎముకల జబ్బు కాదమ్మా, రక్తానిది అని. గడ్డకట్టే సమయం చూసే పరీక్ష రెండుసార్లు చేసిందట, రెండుసార్లూ రక్తం గడ్డకట్టక గడియారం నడుస్తూనే ఉందట. ఆపరేషన్ చేయించొద్దు, ముందు రక్తం డాక్టరుకు చూపించు అని రిపోర్టు మీద ఎర్ర ఇంకుతో గీత గీసి ఇచ్చింది. ఆమె చెప్పక్కర్లేదు, అది ఆమె పని కాదు. ఆమె చెప్పకపోతే మా వాణ్ణి బల్ల మీద పడుకోబెట్టి కోయించేవాళ్ళం.

రక్తం డాక్టరంటే ఎవరో వెతకడం మొదలుపెట్టాక తెలిసింది, అలాంటి డాక్టరు ఉంటాడని మా చుట్టూ ఎవరికీ తెలియదని. మా ఆయన దుకాణంలో అడిగితే ఒకరు రక్తం నిలవచేసే బ్యాంకు పేరు చెప్పారు. ఇంకొకరు రక్తం శుద్ధిచేసే కషాయం ఇచ్చే వైద్యుణ్ణి చెప్పారు. ఒక బోర్డు దొరికింది గానీ దాని మీద రక్తవ్యాధులు అన్న మాటకు ముందు క్యాన్సర్ అని రాసి ఉండటంతో మా అత్తగారు మెట్ల మీదే కూలబడింది. ఆ డాక్టరు లోపలికి పిలిచి రిపోర్టు చూసి, ఇది పుట్టుకతో వచ్చే జబ్బులా ఉంది, దీన్నే రోజూ చూసే డాక్టరు దగ్గరికి పోవడం మంచిది అని హైదరాబాదులో ఒకావిడ పేరు రాసిచ్చాడు. తనకు రాని పనిని రాదని చెప్పినందుకు ఆయన మీద నాకు గౌరవం కలిగింది. నాకు ఆ గుణం తక్కువ.

హైదరాబాదు డాక్టరమ్మ తొందరపడని మనిషి. రక్తం గడ్డకట్టడానికి పదమూడు రకాల సరుకులు ఒకదాని వెంట ఒకటి పనిచెయ్యాలని, మా వాడిలో ఎనిమిదోది చాలా తక్కువ ఉందని చెప్పింది. దాన్ని ఫ్యాక్టర్ ఎయిట్ అంటారు. జబ్బు పేరు హీమోఫీలియా. తక్కువైన సరుకును సూదితో నరంలోకి ఎక్కించుకుంటూ ఉంటే చదువుకోవచ్చు, ఆడుకోవచ్చు, ముసలివాడు కావచ్చు అంది. మోకాలు వాచినప్పుడు లోపల చేరింది నీరు కాదు, రక్తమే అంది.

"ఇది అమ్మ నుంచి వస్తుంది" అన్నప్పుడు మా ఆయన నావైపు చూడకుండా కిటికీ వైపు చూశాడు. డాక్టరమ్మ అది గమనించినట్టుంది. "మీది వ్యవసాయం చేసే ఊరేనా?" అని అడిగి ఇలా చెప్పింది. "చేనుకు రెండు బోర్లున్నాయనుకోండి. ఒకటి ఎండిపోయినా రెండోది నడిపిస్తుంది. ఆడవాళ్ళకు రెండుంటాయి. మగపిల్లాడికి ఒకటే. తల్లి దగ్గర ఎండినదే వాడికొస్తే వాడికి వేరే దిక్కులేదు." నేను బోర్డు మీద గీసే బాణాలే ఇవి. బోర్ల మాట వినే దాకా నా బుర్రకెక్కలేదు.

మీ వైపు ఎవరికైనా రక్తం ఆగకుండా పోయిందా అని ఆమె అడిగితే లేదన్నాను. బయటికొచ్చి మందుల దుకాణం ముందు నిలబడ్డాక చెవులు గుర్తొచ్చాయి.

అప్పుడు నాకు వచ్చిన కోపాన్ని ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఏనాడో అమ్మమ్మ కొడుకొకడు చెవి కుట్టించాక పోయి ఉంటాడు. ఇంట్లోవాళ్ళు దానికి ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. పెట్టుకున్నది తెలివైన పనే. కానీ ఎవరికి పెట్టారు? ఇంటి పేరు మోసే మగపిల్లలకు. మామకు ఆ జబ్బు లేదు కాబట్టి ఆయన కొడుకులకు, మనవళ్ళకు అది రానే రాదు. వాళ్ళ చెవులు పది చోట్ల కుట్టినా ఏమీ కాదు. జబ్బును మోసుకుపోయింది అత్తారింటికి పోయిన ఆడపిల్ల, మా అమ్మ. ఆమె వెంట పసుపు, కుంకుమ, బిందెలు పంపించారు. కట్టుబాటును మాత్రం ఇంట్లోనే దాచుకున్నారు. అక్కర్లేని వాళ్ళు రెండు తరాలుగా దాన్ని భక్తిగా పాటిస్తున్నారు.

రైలు నాందేడు చేరేలోపు ఇంకో సంగతి తట్టింది. నా చెల్లెలు ఆరో నెల గర్భవతి. నాకంటే పదకొండేళ్ళు చిన్నది. నా పెళ్ళినాటికి అది రెండు జడల పిల్ల. దాన్ని ఇచ్చింది మామ కొడుక్కే. మేనరికం. ఎండిన బోరు దానికీ వచ్చి ఉంటే ఆ జబ్బు మళ్ళీ తను బయల్దేరిన ఇంటికే చేరినట్టు. రావడానికి, రాకపోవడానికి సగం సగం అవకాశం అని డాక్టరమ్మ చెప్పింది. పుట్టబోయేది మగపిల్లాడైతే, పురుడు పోసేవాళ్ళకు సంగతి తెలియక తలను పరికరంతో పట్టి లాగితే, పసివాడి తలలోపల రక్తం కారవచ్చని కూడా చెప్పింది. అది తెలిసీ నేను ఊరికే కూర్చోలేను.

ఆదివారం మా వాణ్ణి తీసుకుని మామ ఊరికి పోయాను. చెల్లెలికి పరీక్ష చేయించాలని అంటే, మామ భార్య, అంటే చెల్లెలి అత్త, నవ్వింది.

"మాకెందుకమ్మా గా ఫికర్? మా ఇంట్ల పట్టింపు ఉన్నది గద. మేం చెవులే కుట్టం. రెండు తరాల సంది ఒక్కనికి ఏం గాలే."

"అత్తమ్మా, చెవుల కాడ లేదు అది. దాని రక్తంల ఉన్నది."

"నీ కొడుక్కు రోగమొచ్చిందని మా కోడలికి అంటగడ్తవా?"

ఆ మాటకు నేను ఊరుకోలేదు. ఏమేం అన్నానో ఇక్కడ రాయను. చెల్లెలు తలుపు పక్కన నిలబడి కంటితో ఊరుకోమని సైగ చేసింది. మా వాడు అరుగు మీద మోకాలు చాపుకుని కూర్చున్నాడు. మామ వెళ్ళి పక్కన కూర్చుని ఆ మోకాలి మీద అరచెయ్యి పెట్టాడు.

"నా ఒడిలనే కుట్టించిన్రు వీనికి" అన్నాడు. "మా తమ్ముడు పోయినప్పుడు నాకు ఏడేండ్లు. మీ అమ్మ ఇంకా పుట్టలే. చెవి కుట్టినంక తలగడ మీద బట్ట మారుస్తనే ఉన్నది మా అమ్మ. మార్చినకొద్దీ ఎర్రగయితనే ఉన్నది. నాలుగో దినం పోయిండు. నేను చూసిన. చూసి కూడ వీని కాడ నోరు తెరవలే."

అత్త లోపలికి పోయింది. మామ అన్నాడు, "ఎప్పుడు పోవాలె, హైద్రాబాద్‌కు? నేనూ అస్త."

అలా అయిదుగురం పోయాం. అమ్మ, చెల్లెలు, నేను, మా ఆయన, మామ. ఇంటి పెద్ద వెంట ఉంటేనే కోడల్ని పంపుతామన్నారు. మా ఆయన టిక్కెట్లు చేయించి, డాక్టరమ్మతో ఇంతకుముందు మాట్లాడినవాడు కాబట్టి వచ్చాడు. డాక్టరమ్మ గదిలో మగవాళ్ళిద్దరూ ముందు కుర్చీల్లో కూర్చున్నారు. చిన్నప్పుడు మామ భుజాల మీద ఎక్కి జొన్నచేలు చూసిన చెల్లెలు, ఆయన కోడలయ్యాక ఆయన ముందు కుర్చీలో కూర్చోవడం మానేసింది. కొంగు భుజాల చుట్టూ లాక్కుని, ఆరు నెలల కడుపుతో గోడకానుకుని నిలబడింది.

దాని రక్తంలో ఫ్యాక్టర్ సరిపడా ఉందని పరీక్షలో వచ్చింది. మామ పెద్దగా ఊపిరి వదిలాడు. డాక్టరమ్మ మాత్రం సంతోషపడలేదు.

"గర్భంతో ఉన్నప్పుడు ఇది దానంతటదే పెరుగుతుంది. అందుకని ఈ లెక్కను నేను పూర్తిగా నమ్మను. జన్యుపరీక్షకు పంపుతాను, అది రావడానికి వారాలు పడుతుంది. అది కూడా రక్తం ఎంత పోతుందో చెప్పదు. అది మీరే చెప్పాలి. పన్ను పీకించుకున్నప్పుడు గానీ, నెలసరిలో గానీ, కాన్పుల్లో గానీ మీ ఇంటి ఆడవాళ్ళకు ఎవరికైనా రక్తం ఎక్కువ పోయేదా?"

అమ్మ నేలవైపు చూసింది. "గట్లాంటిదేం లేదమ్మా."

"నీకు?" అని చెల్లెల్ని అడిగింది. అది అడ్డంగా తల ఊపింది.

నా వైపు తిరిగితే నేనూ లేదన్నాను. నా విషయంలో అది నిజం. నాకు ఏ ఇబ్బందీ ఎప్పుడూ లేదు. డాక్టరమ్మ కలం పట్టుకుని ఇంకాసేపు ఆగింది. ఆమె కాగితం మీద ఏదో కొట్టేసి, కాన్పయ్యాక రక్తం ఎక్కువ పోతున్నట్టనిపిస్తే మాత్రం వెంటనే ఫోన్ చెయ్యమని చెప్పింది.

ఏడో నెల చివర జన్యుపరీక్ష ఫలితం వచ్చింది. ఎండిన బోరు చెల్లెలికీ ఉంది. ఇక ఇంట్లో అందరి ధ్యాసా పుట్టబోయే బిడ్డ మీదే. డాక్టరమ్మ నాందేడు ఆసుపత్రికి ఉత్తరం రాసిచ్చింది. తలను పరికరాలతో లాగవద్దు, పుట్టగానే తొడకు సూది వెయ్యవద్దు, మగపిల్లాడైతే బొడ్డుతాడు రక్తం తీసి పరీక్షకు పంపండి. ఆ ఉత్తరం నాలుగు ప్రతులు తీయించాను. ఒకటి చెల్లెలి సంచిలో, ఒకటి దాని మొగుడి జేబులో, ఒకటి నా పర్సులో, ఒకటి మా ఫ్రిజ్ తలుపు మీద. ఫ్రిజ్‌లో మా వాడి ఫ్యాక్టర్ సీసాలుంటాయి. అది మా ఇంట్లో దేవుడి గూడు కంటే శుభ్రంగా ఉండే చోటు.

ఆడపిల్ల పుట్టింది.

మా నాందేడులో మగపిల్లాడు పుడితే పేడాలు, ఆడపిల్ల పుడితే బర్ఫీ పంచుతారు. మిఠాయి పెట్టె చూసే ఎవరు పుట్టారో చెప్పేస్తారు. ఆ రోజు చెల్లెలి అత్త ఆడపిల్లకు పేడాలు పంచింది. ఆసుపత్రి వరండాలో కనబడ్డ ప్రతివాళ్ళ చేతిలో పెట్టింది. "కొడుకా?" అని వాళ్ళడిగితే, "కాదు, బిడ్డ. బతికిపోయినం" అని కళ్ళు తుడుచుకుంది. నేనూ రెండు తిన్నాను. ఆమెతో అన్న మాటలకు మనసులో చెంపలేసుకున్నాను. గండం గడిచిందని అందరం అనుకున్నాం. సైన్సు టీచర్ని, నేనూ అనుకున్నాను.

మూడోరోజు తల్లీబిడ్డల్ని మా ఇంటికి తెచ్చుకున్నాం. అమ్మ ఊరు నుంచి వచ్చి దగ్గరుండి చూసుకుంటోంది. నేను సెలవు అయిపోయి బడికి పోవడం మొదలుపెట్టాను. ఎనిమిదో రోజు పరీక్ష పేపర్లు ఇంట్లో మరిచిపోయి మధ్యాహ్నం తిరిగొచ్చాను. పనిలో పనిగా, ఉతికిన బట్టల్లో మా వాడి బడి చొక్కా కోసం మేడ మీదికి పోయాను.

తీగ మీద అమ్మ పాతచీర ఒకటి ఈ చివర నుంచి ఆ చివరకు పరిచి ఉంది. మా ఇళ్ళలో ఆడవాళ్ళ గుడ్డలు అలాగే ఆరేస్తారు, పైన ఒక చీర కప్పి, మగవాళ్ళ కంట పడకుండా. కొనుక్కొచ్చిన ప్యాడ్లు చాలక గుడ్డలు వాడుతున్నారని అప్పుడే తెలిసింది. ఆ చీర ఎత్తి చూశాను. కింద ఆరేసిన గుడ్డలన్నీ ఒక్కరోజు ఉతుకే. లెక్కపెట్టడం మొదలుపెట్టి, సగంలోనే ఆపి కిందికి పరుగెత్తాను.

చెల్లెలు పక్క మీద బిడ్డకు పాలిస్తోంది. పెదవుల్లో రంగు లేదు. గోళ్ళు తెల్లగా ఉన్నాయి.

"ఎన్ని దినాల సంది గిట్ల పోతుంది?" అని అరిచాను.

అమ్మ గుమ్మంలోంచి "గంత లొల్లి చెయ్యకు. బాలింతకు పోతది. చెడు రక్తమంత పోవాలె" అంది.

"ఏం గాలేదక్కా, ఎప్పటి లెక్కనే. కొంచెం ఎక్కువున్నది గంతే" అని చెల్లెలు లేచి నిలబడబోయింది. నిలబడలేకపోయింది. బిడ్డను నేను పట్టుకున్నాను, దాన్ని అమ్మ పట్టుకుంది.

బిడ్డను మా అత్తగారి చేతుల్లో పెట్టి ఆటోలో కూర్చున్నాక నా ఒళ్ళో మూడు వస్తువులున్నాయి. చెల్లెలి తల, ఫ్రిజ్ తలుపు మీది ఉత్తరం, మంచుగడ్డల డబ్బాలో మా వాడి సీసాలు. దారిలోనే హైదరాబాదుకు ఫోన్ చేశాను. డాక్టరమ్మ అరవలేదు. ఎన్ని గుడ్డలు, ఎన్ని రోజుల నుంచి అని అడిగింది. గర్భంలో పెరిగిన ఫ్యాక్టర్ కాన్పయ్యాక మళ్ళీ కిందికి పడిపోతుందని, దీనికి అసలు లెక్క తక్కువే అయి ఉంటుందని చెప్పి, చేరగానే ఫోన్ ఆసుపత్రి డాక్టరుకు ఇమ్మంది. ఎంత ఎక్కించాలో వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారు. మా వాడి సీసాలు దాని నరంలోకి పోయాయి. మామ కొడుకు, మా ఆయన రక్తం ఇచ్చారు. సాయంత్రానికి ధార తగ్గింది. మర్నాటికి ప్రాణం నిలబడుతుందని చెప్పారు. అప్పటిదాకా నేను ఏడవలేదు. నర్సు టీ తెచ్చి ఇస్తే అప్పుడు ఏడ్చాను.

రెండో రోజు మామ వచ్చి, మంచం దగ్గర కాసేపు నిలబడి, ఏమీ అడగకుండా బిడ్డను చూడ్డానికి మా ఇంటికి వెళ్ళాడు. గదిలో ఆడవాళ్ళమే మిగిలాం. అప్పుడు అమ్మ గోడవైపు తిరిగి, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు మొదలుపెట్టింది. చెల్లెలు పుట్టినప్పుడు తనకు నలభై రోజులు ధార ఆగలేదట. ఊళ్ళో మంత్రసాని ఆశ వదులుకుందట. నేను పుట్టినప్పుడూ అంతేనట. చెల్లెలు పెద్దమనిషయిన దగ్గర నుంచి నెలనెలా దానికీ అదే తీరట. వేడి ఒళ్ళనుకుని సబ్జా నీళ్ళు తాగించిందట.

"మరి డాక్టరమ్మ అడిగినప్పుడెందుకు చెప్పలే?" నా గొంతు పెద్దదయింది. "అంత స్పష్టంగ అడిగింది గదనే!"

"అల్లుడు కూసున్నడు. మీ మామ కూసున్నడు" అంది అమ్మ. "వాళ్ళ ముంగట గా మాట ఎట్ల చెప్పుదు? నువ్వన్న వాళ్ళను బయటికి పొమ్మనకపోతివి."

నోరెక్కువని పేరున్నదాన్ని. ఆ గదిలో లేచి, మామా కాసేపు బయట కూర్చోండి అనడానికి ఎంతసేపు పట్టేది? నాకు ఇబ్బంది లేదు కాబట్టి ఎవరికీ ఉండదనుకున్నాను. పదకొండేళ్ళు చిన్నదని, దాన్ని ఒక్కసారి కూర్చోబెట్టి అడిగిన పాపాన పోలేదు. బళ్ళో నా దగ్గరికి కడుపునొప్పని వచ్చిన ప్రతి అమ్మాయినీ అడుగుతాను, ఎన్ని రోజులు, ఎన్నిసార్లు మారుస్తావు అని. మా కుటుంబంలో రక్తం పోయినవాళ్ళెవరని వెతుకుతూ హైదరాబాదు దాకా పోయాను. మగపిల్లల రక్తం కోసమే వెతికాను. అమ్మ మీద అరిచిందంతా నా మీదికే తిరిగొచ్చింది. వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను.

చెల్లెలు కళ్ళు తెరిచే ఉంది. అంతా విన్నట్టుంది. సెలైను లేని చెయ్యి చాపి నా కొంగు పట్టుకుంది.

"అక్కా, ఎక్కువ పోతే ఫోన్ చెయ్యమన్నది గద డాక్టరమ్మ. నాకు ఎక్కువంటె ఎంతో తెల్వదు" అంది. "నెలనెలా అందరికి ఎన్ని దినాలకు ఆగుతది?"

"నాలుగైదు దినాలకు" అన్నాను.

అది నమ్మలేదు. నర్సు సీసా మార్చడానికి వచ్చినప్పుడు ఆమెను కూడా అడిగింది.